పక్కింటాయన బండికి ఫోన్ వచ్చింది, మన బండికి రాలేదేం?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రీకాల్స్ మీదే, అంటే తయారీలో లోపం ఉందని తెలిసి కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచి ఫ్రీగా బాగు చేయడం. పోయిన నెల ఎవరికో జవాబిస్తూ "కంపెనీ పిలిచి ఫ్రీగా పార్ట్ మారుస్తానంటే వెళ్ళి మార్పించుకోండి, ఆలోచించడానికేం లేదు" అని ఒక లైన్ రాశా అంతే, ఆ ఒక్క లైన్‌కే ఇన్ని వచ్చాయి. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు కాబట్టి ఊళ్ళ పేర్లు మాత్రమే వేస్తున్నా. వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళు చేసి బయటికొచ్చినవాణ్ణి, కాబట్టి రెండు వైపుల సంగతీ కొంచెం తెలుసు. షోరూం వాళ్ళని తిట్టాల్సిన చోట తిడతా, పాపం వాళ్ళ తప్పు లేని చోట అదీ చెప్తా.

ప్రశ్న: 2022లో సెకండ్ హ్యాండ్‌లో వ్యాగనార్ తీసుకున్నా సార్, 2019 మోడల్ పెట్రోల్. పక్కింటాయనదీ అదే మోడల్, ఆయనకి అప్పట్లో కంపెనీ నుంచి ఫోన్ వచ్చి ఫ్యూయల్ పంప్ ఫ్రీగా మార్చారంట. నాకు ఫోనూ లేదు మెసేజూ లేదు. షోరూంకి వెళ్తే మీ పేరు మా సిస్టంలో లేదన్నారు. ఈ మధ్య సిగ్నల్ దగ్గర రెండుసార్లు బండి ఆగిపోయింది, అదేనంటారా? — తెనాలి

జవాబు: మీ పేరు వాళ్ళ సిస్టంలో ఎందుకుంటుందండీ, మీరు షోరూంలో కొనలేదు కదా. ఫోన్ చేసే ఉంటారు, మొదటి ఓనర్‌కి. ఆయన "ఆ బండి అమ్మేశానండీ" అని పెట్టేసి ఉంటాడు, అక్కడితో అయిపోయింది. సెకండ్ హ్యాండ్ బండ్లన్నిటికీ ఇదే కథ. అసలు తెలుసుకోవాల్సింది ఏంటంటే రీకాల్ అనేది మనిషికి కాదు, ఛాసిస్ నంబర్‌కి. బండి ఐదు చేతులు మారినా ఆ నంబర్ మీద పని పెండింగ్ ఉంటే ఉన్నట్టే, మీ పేరు మీద ఉన్నా మీ మామగారి పేరు మీద ఉన్నా ఫ్రీగా చేయాల్సిందే.

మీరు చెప్పేది 2020 జులైలో మారుతి ప్రకటించిన రీకాల్. వ్యాగనార్, బాలెనో కలిపి 1,34,885 బండ్లు. అందులో వ్యాగనార్‌లు 56,663, అదీ 1.0 లీటర్ ఇంజిన్‌వి మాత్రమే, 2018 నవంబర్ 15 నుంచి 2019 అక్టోబర్ 15 మధ్య తయారైనవి. 1.2 ఇంజిన్ అయితే ఈ లిస్టులో లేదు. ఇంకో సంగతి, తయారైన తేదీ వేరు, రిజిస్ట్రేషన్ తేదీ వేరు. 2019 డిసెంబర్‌లో రిజిస్ట్రేషన్ అయిన బండి ఆగస్టులో తయారై స్టాక్‌యార్డులో ఎండకి ఎండుతూ పడి ఉండొచ్చు, కాబట్టి ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం అని ఉంటుంది చూడండి, ఆ లైన్ చూసుకోవాలి.

ఇప్పుడు చేయాల్సింది: ఆర్సీ పట్టుకుని కూర్చుని కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ లేదా సర్వీస్ క్యాంపెయిన్ అని ఉండే పేజీలో ఛాసిస్ నంబర్ కొట్టండి. మొత్తం 17 అక్షరాలు అంకెలు కలిపి ఉంటాయి. ఇక్కడే నూటికి తొంభై మంది తప్పు కొడతారు. ఒకాయన మా వర్క్‌షాపుకి వచ్చి "మూడు రోజుల్నించి కొడుతున్నా ఇన్‌వాలిడ్ అంటోంది, మీ వెబ్‌సైటే దండగ" అని అరిచేశాడు, చూస్తే సున్నాని ఇంగ్లీషు ఓ అనుకుని కొడుతున్నాడు. ఛాసిస్ నంబర్లో ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు ఉండవు, కావాలనే తీసేశారు, ఇలాంటి గందరగోళం రాకూడదనే. మీకు ఓ లాగా కనపడితే అది సున్నా, ఐ లాగా కనపడితే అది ఒకటి, కళ్ళు మూసుకుని కొట్టేయండి. ఆర్సీ కార్డు అరిగిపోయి కనపడకపోతే బండి బాడీ మీదే కొట్టి ఉంటుంది, ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో బొమ్మేసి మరీ చూపిస్తారు.

పెండింగ్ అని వస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని షోరూంకి వెళ్ళండి. "మీ పేరు లేదు" అంటే "నా పేరుతో పనేంటి, ఛాసిస్ నంబర్ కొట్టి చూడు బాబూ" అనండి. అలాగే ఆ కౌంటర్‌లోనే మీ పేరు, ఫోన్ నంబర్ ఆ ఛాసిస్‌కి ఎక్కించమనండి, రెండు నిమిషాల పని, తర్వాత ఏదొచ్చినా మీకే వస్తుంది.

ఇక సిగ్నల్ దగ్గర ఆగిపోవడం. ఫ్యూయల్ పంప్ పోతే బండి నడుస్తూ ఆగొచ్చు, అసలు స్టార్టే కాకపోవచ్చు. అదే 2020 జూన్‌లో హోండా వాళ్ళు ఇక్కడ 65,651 కార్లు వెనక్కి పిలిచినప్పుడు చెప్పిన కారణం అదే, పంప్‌లో తిరిగే ఇంపెల్లర్‌లో లోపం, దానివల్ల కాలక్రమేణా ఇంజిన్ ఆగిపోవచ్చని. కానీ మీ బండిలో అదే అని ఇక్కడ కూర్చుని చెప్పలేను, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే థ్రాటిల్ బాడీలో మసి పట్టినా ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఆడుతున్నప్పుడు, ఆగుతుంది. రీకాల్ ఉంటే ముందు అది చేయించండి, అప్పటికీ ఆగితే మిగతావి చూద్దాం. అంతవరకు కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే మీదికి మాత్రం వెళ్ళకండి, లారీల మధ్య బండి ఆగితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అన్నా నాది క్లాసిక్ 350. రీకాల్ అయిన బండి అంటే ఫెయిలైన బండి అని, అమ్మేటప్పుడు రేటు పడిపోతదని, అందుకే షోరూంకి పోవొద్దని మా బావ అంటుండు. నిజమేనా? — కరీంనగర్

జవాబు: బావ బాగనే చెప్పిండు గానీ ఉల్టా చెప్పిండు తమ్ముడూ.

రీకాల్ అయిందంటే ఆ బ్యాచ్ మీద కంపెనీకి డౌట్ వచ్చిందని అర్థం, నీ బండి ఫెయిలైందని కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే రెండు చెప్తా. 2021 మేలో బుల్లెట్, క్లాసిక్, మీటియోర్ కలిపి 2,36,966 బండ్లు పిలిచారు, ప్లగ్‌కి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్‌లో లోపం, దానివల్ల మిస్‌ఫైర్ రావొచ్చు, పికప్ తగ్గొచ్చు, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కూడా అవ్వొచ్చు అన్నారు. 2020 డిసెంబర్ నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైనవి. అన్నింటికీ కాయిల్ మార్చాలని కాదు, చెక్ చేసి అవసరమైతేనే మార్చాలి, పది శాతం లోపు బండ్లకే మార్చాల్సి రావొచ్చని కంపెనీయే చెప్పింది. తర్వాత అదే సంవత్సరం డిసెంబర్‌లో క్లాసిక్ 350లే 26,300 పిలిచారు, ఇది బ్రేకుది. సింగిల్ చానల్ ఏబీఎస్ ఉండి వెనక డ్రమ్ బ్రేక్ ఉన్న మోడల్‌లో వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీద ఉండే ఒక బ్రాకెట్, బ్రేక్ మరీ గట్టిగా తొక్కితే దెబ్బ తినొచ్చని. సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 5 మధ్య తయారైనవి. నీది ఏ నెలదో నువ్వు రాయలేదు, నంబర్ కొట్టి చూసుకో.

ఇప్పుడు నువ్వే చెప్పు, బండి కొనడానికి నేనొచ్చా అనుకో. "బ్రేక్ బ్రాకెట్ రీకాల్ వచ్చింది, ఇదిగో మార్పించిన కాగితం" అని జాబ్ కార్డ్ చూపించినోడి దగ్గర కొంటానా, "అబ్బే మన బండికి అసలు ఏం రాలేదన్నా" అని నవ్వినోడి దగ్గర కొంటానా? నాకు రెండోవాడి మీదే డౌట్. ఇప్పుడు కొనేవాళ్ళు కూడా ఫోన్‌లో నంబర్ కొట్టి చూస్తున్నారు, దాస్తే దాగేది కాదు.

ఒకప్పుడు దాగేది, అది ఒప్పుకుంటా. 2012 జులైలో మన వాహన కంపెనీల సంఘం సియామ్ వాళ్ళు స్వచ్ఛందంగా రీకాల్ కోడ్ పెట్టుకున్నారు, అంతకు ముందు మన దేశంలో అసలు పద్ధతంటూ లేదు. మేం "ఫ్రీ చెకప్ క్యాంప్" అని బ్యానర్ కట్టి, కూల్‌డ్రింక్ ఇచ్చి, కస్టమర్ టీవీ చూస్తుండగా లోపల పార్ట్ మార్చి పంపేసేవాళ్ళం. బిల్లులో "జనరల్ చెకప్" అని ఉండేది. కస్టమర్ వాషింగ్ బాగా చేశారని మెచ్చుకుని వెళ్ళేవాడు. గర్వంగా చెప్పుకునే సంగతి కాదనుకో, ఉన్నది చెప్తున్నా.

ప్రశ్న: మూడేళ్ళ క్రితం ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. ఈ మధ్య ఛార్జింగ్ పెడితే బ్యాటరీ బాగా వేడెక్కుతోంది, ఒకసారి ప్లాస్టిక్ కాలినట్టు వాసన కూడా వచ్చింది. కొన్న షాపు మూసేశారు, కంపెనీ నంబర్ ఎత్తట్లేదు. అపార్ట్‌మెంట్‌లో కింద ప్లగ్ పాయింట్ లేదు కాబట్టి బ్యాటరీ తీసి పైకి తెచ్చి హాల్లో రాత్రిపూట పెడుతున్నాం. రీకాల్ ఏమైనా ఉందేమో ఎలా తెలుసుకోవాలి? — విజయవాడ

జవాబు: రీకాల్ సంగతి తర్వాత అమ్మా, ముందు ఈ రాత్రి నుంచి ఆ బ్యాటరీని హాల్లో పెట్టడం ఆపేయండి. వాసన వచ్చిన బ్యాటరీకి మళ్ళీ ఛార్జింగ్ పెట్టకండి, అసలు ఇంట్లోనే ఉంచకండి. కిందికి దించి, గోడకి, బండ్లకి, మెట్లకి దూరంగా, ఎండ తగలని చోట పెట్టండి. ఎవరో తెలిసిన ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తానంటే అస్సలు విప్పనివ్వకండి.

భయపెట్టడానికి చెప్పట్లేదు, మీ ఊళ్ళోనే జరిగింది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో, అదే నెలలో నిజామాబాద్‌లో ఇంకో ఇంట్లో, రెండు చోట్లా రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్న బ్యాటరీలే పేలాయి, రెండు చోట్లా ప్రాణం పోయింది. రెండూ తీసి ఇంట్లోకి తెచ్చిన బ్యాటరీలే. లిథియం సెల్ ఒకటి లోపల షార్ట్ అయితే వేడెక్కుతుంది, ఆ వేడికి పక్క సెల్, దాని వేడికి ఆ పక్కది, దీపావళి సీమటపాకాయల జడ అంటుకున్నట్టే, మధ్యలో ఆపడం ఎవరి వల్లా కాదు. స్కూటర్ బయట ఉంటే స్కూటర్ కాలుతుంది, హాల్లో ఉంటే బయటికి వెళ్ళే దారికి అడ్డంగా కాలుతుంది, తేడా అంతే, కానీ పెద్ద తేడా.

ఆ ఏప్రిల్‌లోనే కంపెనీలు వరసగా బండ్లు వెనక్కి పిలిచాయి. ఒకినావా 3,215, హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రత ప్రమాణం ఏఐఎస్-156ని గట్టిగా సవరించింది, మొదటి విడత 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక సెల్ అంటుకుంటే ప్యాక్ మొత్తానికి పాకకుండా ఎలా ఉండాలి, లోపలి కంట్రోల్ బోర్డు ఏమేం కనిపెట్టాలి, ఛార్జర్ ఎలా ఉండాలి, ఇవన్నీ అందులోకి వచ్చాయి. కాబట్టి మీ స్కూటర్ తయారీ తేదీ ఆ తేదీలకి ముందా తర్వాతా అనేది ఆర్సీలో చూసుకోండి. ముందుదైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, తర్వాతదైనా వాసన వచ్చిందంటే జాగ్రత్త ఒకటే.

షాపు మూసేస్తే కంపెనీ బాధ్యత మూసేసినట్టు కాదు. ఫోన్ ఎత్తకపోతే వదిలేయండి, మెయిల్ రాయండి. ఛాసిస్ నంబర్, బ్యాటరీ మీద స్టిక్కర్‌లో ఉన్న సీరియల్ నంబర్ ఫొటో, ఏ రోజు ఎంతసేపు ఛార్జింగ్‌లో ఉండగా వాసన వచ్చింది, ఇవి రాసి "భద్రతా సమస్య" అని సబ్జెక్ట్‌లోనే పెట్టండి. ఆ మాట చూస్తే మెయిల్ పక్కన పడేయడానికి వాళ్ళకి కూడా చెయ్యి ఆడదు. వారం చూసి 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. గవర్నమెంట్ రీకాల్ పోర్టల్ సంగతి కింద ఇంకొకరికి చెప్తున్నా, అది మీరూ చదవండి.

ప్రశ్న: కొత్త కారు, పదకొండు నెలలైంది. గతుకు రోడ్డు మీద స్టీరింగ్‌లో టకటకమని శబ్దం, ఒక్కోసారి ఎడమవైపు లాగుతుంది. నాలుగుసార్లు షోరూంకి తీసుకెళ్ళా. "ఈ మోడల్ అన్నీ ఇంతే సార్, నార్మల్" అంటారు. అదే మోడల్ ఉన్న మా ఆఫీసులో ఇద్దరికీ ఇదే గొడవ. మరి అందరికీ ఉంటే రీకాల్ చేయాలి కదా? మేమేం చేయాలి? — అనంతపురం

జవాబు: "అన్నీ ఇంతే సార్" అనే మాట నేనూ చాలాసార్లు అన్నాను కాబట్టి దాని అర్థం చెప్తా. సర్వీస్ అడ్వైజర్‌కి రోజుకి ఇన్ని బండ్లు డెలివరీ చేయాలని టార్గెట్ ఉంటుంది, మీ శబ్దం వెతకాలంటే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని గతుకు రోడ్డు మీద అరగంట తిప్పాలి, అంత తీరిక ఉండదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, కానీ అందరికీ ఉన్నంత మాత్రాన లోపం నార్మల్ అయిపోదు. అందరికీ ఉంటే అదే రీకాల్‌కి మొదటి మెట్టు. 2023 జులైలో మారుతి 87,599 ఎస్-ప్రెసో, ఈకో బండ్లు పిలిచింది దేనికనుకున్నారు, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ కోసమే. అది విరిగితే స్టీరింగ్ తిప్పినా బండి తిరగకపోవచ్చు.

ఇంతకీ నాలుగుసార్లు వెళ్ళానన్నారు, నాలుగు జాబ్ కార్డులు ఉన్నాయా? అందులో ఏం రాసుంది తీసి చూడండి. నాకు తెలిసి "జనరల్ చెకప్, వీల్ అలైన్‌మెంట్, కస్టమర్ సాటిస్‌ఫైడ్" అని ఉంటుంది, కింద మీ సంతకం. రేపు ఏ కోర్టుకి వెళ్ళినా వాళ్ళ లాయర్ ముందు తీసేది ఆ కాగితమే. కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు సంతకం పెట్టే ముందు మీ కంప్లైంట్ మీ మాటల్లో రాయించండి, "గంటకి 40 స్పీడ్‌లో గతుకు రోడ్డు మీద స్టీరింగ్‌లో శబ్దం, ఎడమవైపు లాగుతోంది, ఇది ఐదోసారి చెప్పడం" అని. అడ్వైజర్ "సిస్టంలో అంత పట్టదు సార్" అంటాడు. పడుతుంది. పట్టకపోతే ప్రింట్ మీద పెన్నుతో రాసి ఆయన సంతకం తీసుకోండి. బండి తీసుకునేటప్పుడు సమస్య అలాగే ఉంటే "సమస్య తీరలేదు" అని రాసే సంతకం పెట్టండి. ఈ ఒక్క పనితో సగం గెలిచినట్టు, నిజంగా చెప్తున్నా, సర్వీస్ మేనేజర్ కుర్చీలోంచి లేచొస్తాడు. శబ్దం ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, డ్రైవ్ చేస్తూ కాదు, పక్కవాళ్ళతో తీయించండి.

ఇక గవర్నమెంట్ వైపు. 2019లో మోటార్ వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110ఏ అని కొత్త సెక్షన్ పెట్టారు, రీకాల్ మీదే. దానికి రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు రీకాల్ అంటే కంపెనీ దయ, ఇప్పుడు గవర్నమెంటే చేయమని ఆర్డర్ వేయొచ్చు. ఏడేళ్ళ లోపు బండ్లకి ఇది వర్తిస్తుంది. ఆర్డర్ వస్తే కంపెనీ బండిని బాగు చేయాలి, లేకపోతే అలాంటిదో ఇంకా మంచిదో వేరే బండి ఇవ్వాలి, లేదా పూర్తి డబ్బు వెనక్కివ్వాలి, జరిమానా అదనం, బండి రకాన్ని సంఖ్యని బట్టి పది లక్షల నుంచి కోటి దాకా. కోట్లలో అమ్మే కంపెనీకి కోటి ఒక లెక్కా అంటే, నా లెక్కలో కాదు, ఇంకా గట్టిగా ఉండాల్సింది.

అయితే ఒకళ్ళు కంప్లైంట్ పెడితే కదలదు. ఆ మోడల్ ఏడాదికి ఎన్ని అమ్ముడైందో దాన్ని బట్టి ఒకే లోపం మీద ఇన్ని కంప్లైంట్లు రావాలని లెక్క పెట్టారు, అప్పుడు టెస్టింగ్ ఏజెన్సీ ఎంక్వైరీ మొదలవుతుంది. అందుకే మీరూ మీ ఆఫీసులో ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద ముగ్గురు సంతకాలు పెట్టడం కాదు, రవాణా శాఖ వాహన్ సైట్‌లో వెహికల్ రీకాల్ అని ఉండే పోర్టల్‌లో ముగ్గురూ విడివిడిగా, ఎవరి ఛాసిస్ నంబర్‌తో వాళ్ళు పెట్టండి. వాట్సాప్ గ్రూపులో ఐదు వందల మంది తిట్టుకుంటారు గానీ పోర్టల్‌లో ఐదుగురు కూడా పెట్టరు, కంపెనీలకి ఆ సంగతి బాగా తెలుసు.

రీకాల్ అయ్యేదాకా మీరు ఆగలేరు కదా, కాబట్టి వినియోగదారుల కమిషన్ దారి విడిగా పెట్టుకోండి. బండి ఖరీదు 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, మీరున్న జిల్లాలోనే, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఫీజు చూస్తే నవ్వొస్తుంది, ఐదు లక్షల దాకా ఏం లేదు, పది లక్షల దాకా 200, ఇరవై లక్షల దాకా 400. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి సైట్‌లో వేసుకోవచ్చు, లాయర్ ఉండాలని రూల్ కూడా లేదు. గొడవ మొదలైనప్పట్నుంచి రెండేళ్ళ లోపు వేయాలి, అది మాత్రం మర్చిపోకండి, "ఇంకోసారి చూద్దాం సార్" అంటూ తిప్పేది ఒక్కోసారి ఆ రెండేళ్ళు దాటించడానికే. లోపం ఉందా లేదా అని తేల్చడానికి కమిషనే నిపుణులతో పరీక్ష చేయించొచ్చు.

ఇవన్నీ జరిగే పనులేనా అని మీకు అనుమానం రావొచ్చు. 2015లో ఒకాయన క్రెటా కొన్నాడు, 2017లో యాక్సిడెంట్ అయితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢిల్లీ రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ దాటి హ్యుందాయ్ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది, మూడు లక్షల పరిహారం, దాంతో పాటు వేరే బండి ఇవ్వాలని కింద ఇచ్చిన ఆర్డర్‌నే ఖాయం చేసింది. గుద్దుకునే స్పీడు, ఫోర్సు లెక్కలు కొనేవాడు ఫిజిక్స్ చదివి తెలుసుకోవాలా ఏంటి అన్న అర్థంలో కోర్టు చెప్పింది, ఆ ముక్క చదివినప్పుడు నేనైతే ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నా.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. సీనియర్ దగ్గర పాత హోండా సివిక్ కొన్నాడు, 2003ది. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోందంట, దానికి ఏం కాదులే అంటున్నాడు. మాకు ఇక్కడ నిద్ర పట్టట్లేదు. — ఖమ్మం

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ భయమే కరెక్టు, అబ్బాయిదే తప్పు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, వాళ్ళకి రాత్రి అయినా పర్లేదు.

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం ఒక సమస్య, దాని సంగతి మెకానిక్ చూస్తాడు. అసలు భయం వేరే. తకాటా అని జపాన్ కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులు కోట్ల బండ్లలో ఉన్నాయి, అమెరికాలోనే దాదాపు ఆరు కోట్ల డెబ్బై లక్షల ఇన్‌ఫ్లేటర్లు, అంటే బ్యాగ్‌ని ఉబ్బించే డబ్బాలు, వెనక్కి పిలిచారు, ఆ దేశ చరిత్రలో ఇంత పెద్ద బండ్ల రీకాల్ లేదు, ఆ దెబ్బకి తకాటా 2017లో దివాలా తీసింది. బ్యాగ్‌ని ఉబ్బించడానికి లోపల అమ్మోనియం నైట్రేట్ మందు పెట్టారు. ఏళ్ళ తరబడి వేడి, గాలిలో తేమ తగిలితే ఆ మందు పాడై, మండాల్సిన దానికంటే గట్టిగా పేలుతుంది, దాని చుట్టూ ఉన్న ఇనప డబ్బా ముక్కలై మనిషి మీదికే వస్తుంది. కాపాడాల్సిందే కత్తులు విసిరినట్టు. అందులోనూ 2001 నుంచి 2003 మధ్య హోండా, అక్యూరా కార్లలో కొన్నిటికి ఆల్ఫా అనే రకం ఇన్‌ఫ్లేటర్లు వేశారు, పరీక్షల్లో వాటిలో సగం దాకా పేలిపోయే అవకాశం ఉందని తేలింది, వాటిని అసలు నడపొద్దని హోండాయే చెప్పింది. మీ అబ్బాయి బండి సరిగ్గా ఆ సంవత్సరాల్లోదే.

కంగారు పడకుండా ఒక పని చేయమనండి. నడపడం ఆపేసి, డ్రైవర్ వైపు ముందు అద్దం కింద మూలన బయటినుంచే కనపడే 17 అక్షరాల నంబర్‌ని అక్కడి రోడ్డు భద్రత సంస్థ నిట్సా, అంటే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, వెబ్‌సైట్‌లో కొట్టాలి, నిమిషంలో పెండింగ్ ఉందో లేదో వచ్చేస్తుంది. పాత ఓనర్లలో ఎవరో మార్పించేసి ఉంటే గొడవే లేదు. లేకపోతే హోండా డీలర్‌కి ఫోన్ చేస్తే పైసా తీసుకోకుండా మారుస్తారు, నడపొద్దన్న బండ్లకి వాళ్ళే టో చేసుకుని తీసుకెళ్తారు కూడా. స్టూడెంట్ కదా డబ్బులు అవుతాయేమో అని ఆగక్కర్లేదు.

మన పిల్లలు అక్కడ సీనియర్ల దగ్గర, ఆన్‌లైన్ యాడ్స్‌లో కొనే బండ్లకి ఇదే ఇబ్బంది. అద్దెకి కార్లు ఇచ్చే పెద్ద కంపెనీలు రీకాల్ పెండింగ్ ఉన్న బండి ఇవ్వకూడదని అక్కడ 2015లో చట్టం చేశారు, కానీ పాత బండి అమ్మేవాడికి ఆ కట్టుబాటు దేశం మొత్తం మీద లేదు, చూసుకోవాల్సింది కొనేవాడే. ఇక్కడివాళ్ళు నవ్వుకోకండి, 2017 జనవరిలో హోండా మన దేశంలో కూడా ఇదే తకాటా బ్యాగులకి 41,580 కార్లు పిలిచింది, ఎక్కువ హోండా సిటీ కార్లే, 2012లో తయారైనవి. వేడి, తేమ కలిస్తేనే ఆ మందు పాడయ్యేది అన్నాను కదా, కాకినాడ, విశాఖల్లో పాత హోండా సిటీ నడుపుతున్నవాళ్ళు ఇవాళే నంబర్ కొట్టి చూసుకోండి.

ఇక మిగిలినవి పొట్టిగా.

రీకాల్ పనికి "చెకింగ్ ఛార్జెస్" అని 850 తీసుకున్నారు, కరెక్టేనా? (ఒంగోలు) కాదు. రీకాల్‌లో పార్టుకీ లేబర్‌కీ చెకింగ్‌కీ దేనికీ తీసుకోకూడదు. బిల్లు ఫొటో తీసి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి, డీలర్‌కి కాదు. మీరడక్కుండా ఇంజిన్ ఆయిల్ మార్చి ఆ బిల్లు కలిపారేమో కూడా చూసుకోండి, ఆ అలవాటు ఉంది.

వానాకాలం నీళ్ళలో వెళ్ళొద్దు అని కంపెనీ చెప్పిందట, హైదరాబాద్‌లో అదెలా కుదురుతుంది? (మియాపూర్) నవ్వొచ్చే మాటే గానీ నిజంగానే చెప్పారు. 2021 సెప్టెంబర్‌లో మారుతి 1,81,754 సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 పెట్రోల్ బండ్లు పిలిచింది, మోటార్ జనరేటర్ యూనిట్, అంటే ఇంజిన్‌కి సాయం చేస్తూ బ్యాటరీని ఛార్జ్ చేసే కరెంటు మోటార్, చూడటానికి. పార్ట్ మార్చేదాకా నీళ్ళు నిలిచిన చోట నడపొద్దని, కరెంటు పార్టుల మీద నేరుగా నీళ్ళు కొట్టొద్దని అన్నారు. మీది 2018 మే నుంచి 2020 అక్టోబర్ మధ్యదై, ఇంకా చేయించకపోతే, వాన పడ్డ రోజు మెట్రో ఎక్కండి, కార్ వాష్ కుర్రాడికి కూడా బానెట్ లేపొద్దని చెప్పండి.

పార్ట్ రాలేదని రెండు నెలల్నుంచి తిప్పుతున్నారు, ఈలోపు నడపొచ్చా? (రాజమండ్రి) అది మీకొచ్చిన మెసేజ్‌లో ఉన్న మాటని బట్టి ఉంటుంది. 2023 జనవరిలో 17,362 మారుతి బండ్లకి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మార్చేదాకా నడపొద్దనే చెప్పారు, అలాంటి మాట ఉంటే నడపకండి, వేరే బండి ఏర్పాటు చేయమని మెయిల్‌లో అడగండి, అడిగినవాళ్ళకి ఇచ్చిన సందర్భాలు నేను చూశా. ఆ మాట లేకపోతే నడుపుకోవచ్చు గానీ, షోరూం వాళ్ళ నోటి మాట మీద తిరక్కండి. పార్ట్ ఆర్డర్ పెట్టిన నంబర్, తేదీ జాబ్ కార్డ్ మీద రాయించుకోండి. చాలాసార్లు పార్ట్ రాకపోవడం కాదు, ఆర్డరే పెట్టి ఉండరు, నంబర్ అడిగిన సాయంత్రం పెడతారు.